జడలదున్న దాటిన మంచునది

సుల్తాన్ బతికే ఉన్నాడన్న కబురు చోగోబ్రక్ ఊరికి ఫోనులో వచ్చింది.

ఆ ఊళ్ళో ఫోను పలికేది ఒక్కచోటే, పోలో మైదానం పక్కనున్న పెద్ద బండ మీద. స్కర్దూ పట్నంలో చదువుకుంటున్న కొడుకుతో మాట్లాడదామని వంటవాడు బాకిర్ ఆ బండెక్కాడు. అతని చేతిలోని ఫోను దానంతటదే మోగింది. ఎవరిదో తెలియని నంబరు. కాసేపు "ఆఁ, ఆఁ" అంటూ విన్నాడు. తర్వాత బండ దిగకుండానే ఊరంతటికీ వినబడేలా కేక పెట్టాడు.

"ఓ ఫిజ్జక్కా! నీ సుల్తాన్ చావలేదు! మారంగ్‌లో పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాడట!"

సుల్తాన్ ఫిజ్జా పెంచిన జడలదున్న. నల్లటి ఒళ్ళు, నుదుట తెల్లచుక్క, నేలను ఊడ్చే జడలు, ఎడమ చెవికి ఫిజ్జా స్వయంగా అల్లి కట్టిన ఎర్రదారపు కుచ్చు. ఊళ్ళో విత్తనపు దున్న వాడొక్కడే. అందుకని పేరుకు ఫిజ్జాదే అయినా, ఊరందరి ఆవులకూ వాడే దిక్కు. అలాంటివాడు ఆ వేసవి మొదట్లో ఎగువ మేతబయలు నుంచి మాయమైపోయాడు. మంచుచిరుత తినేసిందని కొందరన్నారు. మంచునది నెర్రెలో పడ్డాడని కొందరన్నారు. ఫిజ్జా కడుపారా ఏడ్చింది. ఆ తర్వాత మంచుచిరుతల వంశాన్నంతా నోరారా తిట్టింది. ఆ తర్వాత ఊరుకుంది.

ఇప్పుడు చూస్తే సుల్తాన్ మారంగ్‌లో తేలాడు. మారంగ్ ఉన్నది కర్‌గాంగ్ మంచునదికి అవతలి ఒడ్డున, ఇంకో లోయలో. గద్దయితే ఒక్క పూటలో పోతుంది. మనిషి పోవాలంటే జీపెక్కి షిగర్ దిగి, స్కర్దూ చేరి, అక్కడ రాత్రి పడుకుని, మర్నాడు మళ్ళీ ఇంకో లోయ ఎక్కాలి.

"జీపులో పోయి ఉంటాడు," అన్నాడు మంగలి.

"ముందు సీట్లోనే కూర్చుని ఉంటాడు. వాడి దర్జాకి వెనక సీటేం సరిపోతుంది," అన్నాడు ఇంకొకడు.

అందరూ పగలబడి నవ్వారు. నవ్వి, ఒక్కసారిగా ఆగి, అందరూ ఒకే వైపు చూశారు. అటువైపు తన ఇంటి కప్పు మీద, భార్య కుల్సూమ్ ఆరబోసిన ఖుబానీ పళ్ళను తిరగేస్తూ షాబాన్ కూర్చుని ఉన్నాడు.

షాబాన్ ఆ లోయకంతటికీ పెద్ద కొండగాడు. విదేశీ జట్ల సామాను మోస్తూ మొదలుపెట్టి, వాళ్ళకు ముందు నడిచి తాడు కట్టేదాకా ఎదిగినవాడు. ఎంతో పెద్ద శిఖరాల మీద అతని అడుగు పడింది. అయిదేళ్ళ క్రితం ఒక విదేశీ జట్టు వచ్చి, కర్‌గాంగ్ మీదుగా మారంగ్ వైపు పాతకాలంలో ఒక కనుమ ఉండేదట, దాన్ని వెతకాలి అంది. షాబాన్ వాళ్ళను తీసుకెళ్ళాడు. పదిరోజులకు పైగా ఆ మంచులో తిరిగి, మూతులు మాడ్చుకుని తిరిగొచ్చారు. ఆ రోజు పోలో మైదానంలో నిలబడి షాబాన్ ఊరందరి ముందు చెప్పిన మాట ఇంకా అందరికీ గుర్తే. "దారి లేదు. రెక్కలుంటే తప్ప కొండమేక కూడా దాటలేదు."

"ఏం షాబాన్!" మంగలి కిందినుంచి అరిచాడు. "సుల్తాన్‌కి రెక్కలెప్పుడు మొలిచాయి? నీకేమైనా తెలుసా?"

షాబాన్ తిరగేసిన ఖుబానీలనే మళ్ళీ తిరగేశాడు.

"ఆ పళ్ళేం పాపం చేశాయి, వదిలేయ్," అంది కుల్సూమ్ మెల్లగా.

చీకటి పడేలోగా వాళ్ళింటికి వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి అని గాని పోలేదు. ఈసారి విదేశీ జట్టు వస్తే సుల్తాన్‌ని ముందు పెట్టి నువ్వు వెనకాల నడువు అన్నాడొకడు. నీ మంచుగొడ్డలి వాడికిచ్చెయ్, వాడి కొమ్ము నువ్వు పెట్టుకో అన్నాడు ఇంకొకడు. చివరికి మసీదు దగ్గర ముసలి షేక్ కూడా, "దేవుడు దారి చూపించాలనుకుంటే ఎవరి చేతనైనా చూపిస్తాడు నాయనా," అని ఓదార్చబోయి పుండు మీద కారం చల్లాడు.

అందరికంటే ఆఖర్న ఫిజ్జా వచ్చింది. షాబాన్ కంటే పదేళ్ళు పెద్దది, సొంత అక్క. భర్త పోయాక వేసవంతా ఎగువ మేతబయల్లో పశువులతో ఒక్కతే ఉండేది. అక్కడ గాలికి ఎదురరిచి అరిచి, మామూలుగా మాట్లాడినా పక్కింటికి వినిపిస్తుంది.

"తమ్ముడూ, నీ పాత బూట్లు తీయ్. నాకు కావాలి."

"ఎందుకు?"

"ఎల్లుండి పోతున్నాం. నా కొడుకుని తెచ్చుకోవాలి."

"జీపులో పోయి లారీ ఎక్కించి తెద్దామక్కా."

"ఆగస్టులో స్కర్దూ ఎండకి మనుషులే సోలిపోతున్నారు. మూరెడు జడలున్నవాడు ఆ లారీలో బతుకుతాడా? స్కర్దూ చేరేసరికి మాంసమై దిగుతాడు. వాడు వచ్చిన దారినే తేవాలి."

"ఆ దారి ఎక్కడుందో ఎవరికి తెలుసు?"

"వాడికి తెలుసు. నీకు తెలీదు. అంతేగా!" అంది ఫిజ్జా.

షాబాన్ ముఖం ఎర్రబడింది. తలుపు వెనక కుల్సూమ్ నవ్వాపుకోలేక దగ్గింది.

"నేను పోతాను. నువ్వెందుకు?" అన్నాడతను. "అది మంచునది. నీ మేతబయలు కాదు."

"నా గొంతు వింటేనే వాడు కదులుతాడు. నువ్వు పిలిస్తే నీ మొహం చూసి ఇంకో రెండు కొండలు దాటిపోతాడు."

బాకిర్‌ను ఎవరూ పిలవలేదు. ఆ నెల అతను వంట చేయాల్సిన విదేశీ జట్టు చివరి నిమిషంలో రావడం మానుకుంది. ఖాళీగా ఇంట్లో కూర్చుంటే పెళ్ళాం గోడకు సున్నం వెయ్యమంటుందన్న భయంతో, పెద్ద గిన్నె, చిన్న గిన్నె, నెయ్యి డబ్బా, టీ కాచే పొయ్యి కట్టుకుని బయల్దేరే రోజు తెల్లారేసరికి షాబాన్ గుమ్మంలో నిలబడ్డాడు. ముప్ఫై వేసవులు కొండల్లో వండినవాడే గాని, గుడారాలు వేసే చోటు దాటి ఒక్క అడుగు పైకి వేసి ఎరగడు. మనిషి గుండ్రంగా, నిండు పిండిబస్తాలా ఉంటాడు.

"నీకు తాడు కట్టుకోవడం వచ్చా?" అడిగాడు షాబాన్.

"నువ్వు కట్టు, నేను ఉంటాను," అన్నాడు బాకిర్.

* * *

మేతబయలు దాటాక గడ్డి పలచబడింది. ఆపైన రాళ్ళ దిబ్బలు. మంచునది పైన మోసుకొచ్చి అంచుల్లో కుప్పపోసిన రాళ్ళవి. ఒకటి తొక్కితే రెండు కదులుతాయి. ఆ దిబ్బల మధ్య మొదటి ఆనవాలు కనబడింది. ఎండి, గాలికి తేలికైన పేడ ముద్ద.

ఫిజ్జా దాన్ని చేతిలోకి తీసుకుని, విరిచి చూసి, "వాడిదే," అంది.

"పేడలో కూడా పోలికలుంటాయా?" అన్నాడు బాకిర్.

"నీ రొట్టె ఏదో, కుల్సూమ్ రొట్టె ఏదో నాకు తెలీదా? ఇదీ అంతే."

"అక్కా, పోల్చడానికి నీకింకేం దొరకలేదా!"

అక్కణ్ణుంచి ముగ్గురూ పేడ ముద్దల వెంబడే నడిచారు. బాకిర్ వాటిని ఏరి గోనెలో వేసుకున్నాడు, సాయంత్రం పొయ్యిలోకి పనికొస్తాయని. షాబాన్‌కు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో తన వెనక నడిచారు. తను మాత్రం పేడ వెనక నడుస్తున్నాడు.

ఆ రాత్రి ఒక రాతి చాటున పడుకున్నారు. బాకిర్ సుల్తాన్ పేడతోనే మంట వేసి ఉప్పు చాయ్ కాచాడు, వేడి రాతి మీద రొట్టె కాల్చాడు. కింద మంచు అప్పుడప్పుడు ఫెళ్ళున విరిగేది. లోపలెక్కడో నీళ్ళు గుడగుడమనేవి.

"అన్నం తిన్న పొట్టలా ఉంది దీని చప్పుడు," అన్నాడు బాకిర్.

"తిన్న పొట్టో, ఆకలి పొట్టో రేపు తెలుస్తుంది. పడుకో," అన్నాడు షాబాన్.

మర్నాడు రాళ్ళు తగ్గి తెల్లటి మంచు బయటపడింది. షాబాన్ ముగ్గురికీ నడుం పట్టీలు బిగించాడు. బూట్ల కింద ఇనుప పళ్ళు కట్టాడు. తాడుకు ముందు తను, మధ్యలో ఫిజ్జా, చివర బాకిర్. ఫిజ్జా తన ఉన్ని గౌనును మోకాళ్ళ దాకా దోపుకుని, తమ్ముడి పాత బూట్లలో ఉన్ని కుక్కుకుని, ఇనుప పళ్ళతో పదడుగులు వేసి చూసింది.

"ఇంతేనా? దీనికా మీరంతా ఊళ్ళో ఛాతీలు విరుచుకుని తిరిగేది?"

పొద్దెక్కేసరికి మంచునది నిలువునా కొండ దిగే చోటికి వచ్చారు. అక్కడ మంచు ఒక్క తీరుగా ఉండదు. ఇంటంత ముక్కలుగా విరిగి, ఒకదాని మీద ఒకటి ఒరిగి, మధ్య మధ్య నీలంగా నోళ్ళు తెరిచిన నెర్రెలతో ఉంటుంది. అయిదేళ్ళ క్రితం షాబాన్ జట్టు వెనక్కి తిరిగింది అక్కణ్ణుంచే. పేడ ఆనవాళ్ళు ఎడమకు, ఎర్రటి కొండగోడ వైపు పోతున్నాయి.

"కుడివైపు పోదాం," అన్నాడు షాబాన్.

"సుల్తాన్ ఎడమకు పోయాడు కదరా."

"దున్న దాని ఇష్టమొచ్చినట్టు తిరుగుతుందక్కా. ఎడమన ఏముందో నేను చూశాను. మంచు వెళ్ళి నేరుగా గోడకు ఆనుకుని ఉంటుంది. గోరు పట్టే సందు కూడా ఉండదు. కుడివైపే కాస్త ఆశ ఉంది."

ఫిజ్జా నోరు తెరిచింది. తమ్ముడి మొహం చూసి మూసేసింది. ఆమె మాట మింగడం బాకిర్ తన జీవితంలో చూడటం అదే మొదలు.

కుడివైపు సగం రోజు తిరిగారు. ఒక నెర్రె దాటితే ఇంకొకటి. ఒక మంచుగోడ చుట్టి వస్తే ముందు ఇంకో గోడ. షాబాన్ గొడ్డలితో మెట్లు చెక్కుతూనే ఉన్నాడు. ఎండ ఎక్కి పైమంచు మెత్తబడటం అతనికి తెలుస్తూనే ఉంది. ఆ ఒక్కటీ దాటితే దారి తెరుచుకుంటుందేమోనని ఒక నెర్రె మీది మంచువంతెన మీదుగా తను దాటాడు. ఫిజ్జా దాటింది. బాకిర్ "బిస్మిల్లా" అని అడుగు వేశాడు.

చప్పుడేమీ పెద్దగా కాలేదు. ఇప్పుడున్నాడు, ఇప్పుడు లేడు. వీపు మీది గిన్నెలు మంచుగోడలకు తగులుతూ కిందికి మోగుకుంటూ పోయాయి.

తాడు ఫిజ్జాను లాగి పడేసింది. ఆమె బోర్లా పడి, చేతికందిన మంచుగడ్డను కావలించుకుని నెర్రె వైపు జారసాగింది. షాబాన్ ఆలోచించలేదు. వెనక్కి పడి గొడ్డలిని మంచులోకి దిగ్గొట్టి దాని మీద ఒళ్ళంతా వేశాడు. తాడు బిగిసి, కీచుమని, ఆగింది.

"బాకిర్!"

కిందినుంచి నీళ్ళ చప్పుడు ఒక్కటే.

"బాకిర్!" ఈసారి ఫిజ్జా అరిచింది. ఆ అరుపుకు పైనెక్కడో మంచుముక్కలు రాలాయి.

లోపలినుంచి, చాలా దూరం నుంచి వచ్చినట్టు ఒక గొంతు వినిపించింది. "అక్కా... నెయ్యి డబ్బా పడిపోయింది!"

ఫిజ్జాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నెయ్యి పోతే పోనీ, నువ్వున్నావా?"

"ఉన్నా. కాళ్ళ కింద మాత్రం ఏమీ లేదు."

షాబాన్ తిప్పి బిగించే ఇనుప మేకును మంచులోకి దించి, బరువును దాని మీదికి మార్చి, నెర్రె అంచుకు పాక్కుంటూ వెళ్ళాడు. అంచు విరక్కుండా తాడు కింద తన గొడ్డలిని అడ్డం పెట్టాడు. ఇంకో తాడుకు కాలు పెట్టే ఉచ్చు వేసి కిందికి దించాడు. "కాలు పెట్టు. నిలబడు. నిలబడ్డావా? ఇప్పుడు రెండోది." అతని గొంతు ఎంత నిదానంగా ఉందంటే, ఫిజ్జా తల తిప్పి తమ్ముణ్ణి వింతగా చూసింది. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతది. అతను చెప్పినప్పుడల్లా ఆమె తాడు లాగి బిగించింది. అలా జానెడు జానెడు చొప్పున బాకిర్ పైకి వచ్చాడు. గడ్డం నిండా మంచుపొడి, పెదాలు నీలం. పైకి రాగానే మంచు మీద వెల్లకిలా పడుకుని ఆకాశం కేసి చూస్తూ, "పెద్ద గిన్నె కూడా పోయింది," అన్నాడు.

షాబాన్ తన పై కోటు తీసి అతనికి కప్పాడు. పరాయివాళ్ళను కాపాడటం వేరు. రేపు ఏ మొహంతో ఇతని పెళ్ళాం ముందుకు పోవాలో అనుకుంటూ తాడు పట్టుకోవడం వేరు.

"తప్పు నాది," అన్నాడు. "దున్న కంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను."

అక్క ఏదో ఒకటి అంటుందని చూశాడు. ఫిజ్జా బాకిర్ చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది.

* * *

మర్నాడు తెల్లవారుజామున, మంచు గట్టిగా ఉన్నప్పుడే, నెర్రె సన్నబడిన చోట వెనక్కి దాటి, ఎడమకు పోయారు. ఎర్రటి కొండగోడ దగ్గరయ్యేకొద్దీ షాబాన్ నడక తగ్గింది. అతనికి గుర్తున్న చోటులా లేదది.

మంచుకూ గోడకూ మధ్య సందు ఉంది. ఆ సందులోకి దిగితే గోడను ఆనుకుని రాతి అరుగు ఒకటి, బండి పోయేంత వెడల్పున, వంపులు తిరుగుతూ పైకి పోతోంది. అరుగు మీద పేడ. గోడకు పొడుచుకొచ్చిన ఒక రాతి మొనకు నల్లటి జడ వెంట్రుకలు చిక్కుకుని గాలికి ఊగుతున్నాయి.

ఫిజ్జా ఆ వెంట్రుకలను విప్పి గుప్పిట్లో పెట్టుకుంది. "ఇదిగో నీ గోరు పట్టని సందు."

షాబాన్ వినడం లేదు. గోడ మీద చెయ్యి వేసి పైకి చూస్తున్నాడు. ఇంటి రెండంతస్తుల ఎత్తు దాకా రాయి లేత రంగులో, అద్దంలా నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు, ఒక్క నాచు పొర లేదు. ఆపైన మాత్రం అన్ని కొండల్లాగే నల్లబడి, మచ్చలు పడి ఉంది. రెంటికీ మధ్య గీసినట్టు ఒక గీత.

"అయిదేళ్ళ కిందట నేను నిలబడింది అక్కడక్కా," అని ఆ గీత కేసి చూపించాడు. "మంచు అంత ఎత్తున ఉండేది. ఈ అరుగు దాని కడుపులో ఉండేది. ఇది ఈమధ్య బయటపడింది."

"అంటే సుల్తాన్ దారి కనిపెట్టలేదు. దారే సుల్తాన్‌కి ఎదురొచ్చిందంటావు."

"అవును!"

"సరే సరే," అంది ఫిజ్జా, చంటిపిల్లాడితో అన్నట్టు.

"నిజమక్కా! కావాలంటే ఈ రాయి చూడు..."

"చూశాను. నేను నమ్ముతాను. ఊళ్ళో మాత్రం ఎవడూ నమ్మడు. ఆశ పెట్టుకోకు."

షాబాన్ ఇంకా గోడ మీద చెయ్యి తీయలేదు. ఇంత మంచు, రెండంతస్తుల మంచు, తను పిల్లల ఫీజులూ జీపు కిరాయిలూ చూసుకుంటున్న అయిదేళ్ళలో నీళ్ళై కిందికి పోయింది. ఊరి కాలవలో ఆ నీళ్ళే పారాయి. ఖుబానీ చెట్లు ఆ నీళ్ళే తాగాయి. ఇదంతా అయిపోతే ఏమిటన్నది అతను ఆలోచించబోయాడు గాని, బాకిర్ వెనకనుంచి, "నడవండి, నా బూట్లలో నీళ్ళు గడ్డకడుతున్నాయి," అన్నాడు.

అరుగు ఒక చోట తెగింది. అక్కడ సుల్తాన్ ఎలా దాటాడో వాడికే తెలియాలి. షాబాన్ ముందు పోయి తాడు కట్టాడు. ఫిజ్జా గోడకు మొహం పెట్టి, కిందికి చూడకుండా, దేవుడి పేర్లన్నీ వరసగా చదువుతూ దాటింది. బాకిర్ ఒక్క మాట మాట్లాడకుండా దాటాడు. అది అందరికీ విడ్డూరమనిపించింది.

ఆపైన వాలుగా తెల్లటి మంచుబయలు. ఎండ నడినెత్తికి రాకముందే కనుమ మీద నిలబడ్డారు. అవతల కింద, చాలా కింద, ఆకుపచ్చటి మడులు, వాటి మధ్య మట్టిరంగు ఇళ్ళు. మారంగ్.

బాకిర్ మిగిలిన చిన్న గిన్నెలో మంచు కరిగించి చాయ్ పెట్టాడు. నెయ్యి లేని చాయ్‌కి క్షమించమన్నాడు. షాబాన్ కప్పు పట్టుకుని కాస్త పక్కగా పోయి కూర్చున్నాడు. ఇంతకంటే ఎంతో ఎక్కువ ఎత్తుల మీద నిలబడినవాడే. అక్కడెప్పుడూ అతనికి పని ఉండేది. ఎవరి ఫొటోనో తీయడం, ఎవరి జెండానో పట్టుకోవడం, ఎవరికో ఊపిరాడటం లేదంటే గాలి గొట్టం సరిచేయడం, ఎండ వాలుతోంది దిగండి దిగండి అని తొందర పెట్టడం. కొండ మీద ఊరికే కూర్చుని చాయ్ తాగడం అతనికి ఇదే మొదలు. అక్క నోరు కూడా అప్పుడు ఖాళీ లేదు, రొట్టె తింటోంది. చాయ్ చల్లారిపోయేదాకా అతను అక్కణ్ణుంచి లేవలేదు.

* * *

మంచు మీదినుంచి మనుషులు దిగి రావడం చూసి మారంగ్ పిల్లలు జిన్నులనుకుని పరిగెత్తారు. వెనకాలే పెద్దవాళ్ళు వచ్చి, జిన్నుల్లో ఒకరు ఆడమనిషి అని, ఇంకొకడు పొట్ట ఉన్నవాడని చూసి ధైర్యం తెచ్చుకున్నారు. ఊళ్ళోకెల్లా పెద్దాయన అపో మెహ్దీ, అంటే మెహ్దీ తాత, కర్ర పోటేసుకుంటూ ముందుకొచ్చి, ఫిజ్జాను ఎగాదిగా చూసి, "ఎవరి బిడ్డవే?" అన్నాడు.

ఫిజ్జా తండ్రి పేరు చెప్పింది. తాత పేరు చెప్పింది. ముసలాయన తలూపుతూ, "మా మేనత్తను మీ ఊరికే ఇచ్చారు. ఇదే మంచు మీద దున్న ఎక్కి పోయిందట పెళ్ళికూతురు. మా అమ్మ చెబుతుంటే మేమంతా కోతలనుకునేవాళ్ళం," అని, వాళ్ళను ఇంట్లోకి తీసుకుపోయాడు. వాల్‌నట్ ముద్ద కలిపిన పిండివంట, మజ్జిగ, వెన్న తేలే ఉప్పు చాయ్. బాకిర్ మొహం అప్పటికి తేటపడింది.

తిన్నాక ఊరిపెద్ద హైదర్ వాళ్ళను గడ్డిబయలుకు తీసుకెళ్ళాడు. "మీ దున్న మాకు అల్లుడైపోయాడండీ. మా విత్తనపు దున్న పోయినేడు పోయింది. ఏం చెయ్యాలిరా దేవుడా అనుకుంటుంటే కొండ మీదినుంచి వీడు దిగాడు. మేమెవరం పిలవలేదు, సుమా. చెవి కుచ్చు గుర్తు చెప్పి స్కర్దూలో వాకబు చేస్తే, మీ ఊరి పేరూ బాకిర్ నంబరూ దొరికాయి."

సుల్తాన్ గడ్డిబయలు నడుమ నిలబడి ఉన్నాడు. బాగా ఒళ్ళు చేశాడు. చుట్టూ నాలుగైదు ఆవులు.

ఫిజ్జా రాతికంచె దాటి ముందుకు నడిచింది. "దో... దో... దో... సుల్తాన్! నా బంగారూ!"

సుల్తాన్ తల ఎత్తాడు. చెవులు ఆడించాడు. మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఆమె అరచేతిలోని ఉప్పంతా నాకాడు. వేళ్ళ సందులు కూడా నాకాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, మెల్లగానే నడుచుకుంటూ ఆవుల దగ్గరికి పోయాడు.

మారంగ్ ఊరు ఊరంతా నవ్వింది. షాబాన్‌కు కూడా నవ్వు గొంతు దాకా వచ్చింది. నీ గొంతు వింటేనే కదులుతాడన్నావే అని అడగడానికి ఇంతకంటే మంచి సమయం జన్మలో దొరకదు. కానీ అక్క అలాగే నిలబడి, తడిసిన అరచేతిని చూసుకుంటోంది.

సాయంత్రం ఏడుగురు మగవాళ్ళు తాళ్ళు కట్టి వాణ్ణి మంచు అంచుదాకా లాక్కుపోయారు. అక్కడికి పోయాక సుల్తాన్ కూర్చున్నాడు. తోశారు, బతిమాలారు, తోక మెలిపెట్టారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నెమరు వేస్తూ కొండల కేసి చూశాడు.

ఫిజ్జా ఒక బండ మీద కూలబడింది. "తల్లి చచ్చిపోతే నా మంచం పక్కన పడుకోబెట్టుకున్నాను రా. గుడ్డ ముంచి పాలు పట్టాను. రాత్రిళ్ళు నా జుట్టు నమిలేవాడు," అంది. ఆ గొంతు ఈసారి పక్కింటికి కాదు, పక్కనున్న తమ్ముడికే వినబడేలా ఉంది.

షాబాన్ ఆమె పక్కన కూర్చున్నాడు. "పోయాడనుకుని ఏడ్చావు కదక్కా. పోలేదు. తింటున్నాడు, తిరుగుతున్నాడు. నీ కొడుకు పరాయి ఊళ్ళో గౌరవంగా బతుకుతుంటే ఏడుస్తావేం?"

"గౌరవమా! అల్లరి పెట్టాడు నన్ను, అంతమంది ముందు."

"నీ పెంపకమే," అన్నాడు షాబాన్.

ఫిజ్జా అతని భుజం మీద ఒక్కటిచ్చింది. కాని ముక్కు తుడుచుకుంది.

ఆ రాత్రే హైదర్ వచ్చి మాటిచ్చాడు. "అక్కా, మా మేత మీద మొదటి మంచు పడగానే వాడికే ఇక్కడ విసుగు పుడుతుంది. మేమే తోలుకొస్తాం. దారి ఎలాగూ ఉందని తేలింది కదా. అందాకా మా దగ్గరుండనీ." ఫిజ్జా చాలాసేపు ముఖం ముడుచుకుని, వాణ్ణి ఏయే పూట ఎక్కడ కట్టాలో, ఏ గడ్డి పెడితే కడుపు ఉబ్బుతుందో అన్నీ చెప్పి, ఆఖరికి సరేనంది.

తిరుగుదారిలో షాబాన్ రాతి అరుగు దగ్గర ఒక రోజంతా ఆగిపోయాడు. తెగిన చోట తాడు గట్టిగా కట్టి వదిలాడు. పైనుంచి కిందిదాకా అక్కడక్కడ రాళ్ళు పేర్చి గుర్తులు పెట్టాడు. "ఎవరికోసం రా ఇదంతా?" అని ఫిజ్జా గొణిగింది. గొణుగుతూనే అతనికంటే పెద్ద రాళ్ళు మోసుకొచ్చింది.

ఊళ్ళోకి అడుగు పెట్టగానే మంగలి, "దున్నేదీ?" అన్నాడు. షాబాన్ మంచు దిగిపోయిన సంగతి, నున్నటి రాయి సంగతి, గీత సంగతి చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు. విని, "అయితే దారి కనిపెట్టింది సుల్తానేగా?" అన్నారు. ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. మూడోసారి నవ్వేసి ఊరుకున్నాడు. బాకిర్ మాత్రం నెర్రెలో పడ్డ కథ ఊరంతా చెప్పుకుని తిరిగాడు. చెప్పినప్పుడల్లా నెర్రె లోతు పెరిగింది, గిన్నెల సంఖ్యా పెరిగింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఎగువ నుంచి గంటల చప్పుడు వినిపించింది. ముందు సుల్తాన్, వాడి వెనక మారంగ్ ఆవులు రెండు, వాటి వెనక హైదర్, ఇంకో అయిదుగురు కుర్రాళ్ళు. ఆవులను తాము తోలలేదని, అవే వెంటపడి వచ్చేశాయని హైదర్ ప్రమాణం చేశాడు. ఫిజ్జా సుల్తాన్ మెడ పట్టుకుని ముందు తిట్టి, తర్వాత ముద్దు పెట్టుకుని, ఆ తర్వాత వచ్చినవాళ్ళకు చాయ్ పెట్టింది.

ఒక్క పూట ఉండి పోదామని వచ్చారు వాళ్ళు. ఆ రాత్రే ఎగువన కనుమ మీద మంచు మొదలైంది. ఆగలేదు. రోజూ పొద్దున్నే షాబాన్ కనుమ కేసి చూసి తల అడ్డంగా ఊపేవాడు. కుర్రాళ్ళు ఫిజ్జా ఇంట్లో పొయ్యి చుట్టూ కూర్చుని, ఆమె బార్లీ పిండి బస్తాను అడుగంటా తినేస్తూ, మధ్యాహ్నాలు మైదానంలో ఊరి కుర్రాళ్ళతో పోలో ఆడి ఓడిపోతూ, సాయంత్రం మళ్ళీ ఆకలితో వచ్చేవాళ్ళు. చివరికి జీపులోనే పోవాల్సి వచ్చింది. మంచు దాటి చులాగ్గా వచ్చినవాళ్ళు షిగర్ చేరేలోగా వంపు వంపుకూ వాంతులు చేసుకున్నారని జీపు డ్రైవరు వచ్చి చెప్పాడు. ఆవులు రెండూ ఎండాకాలం దాకా ఉండిపోయాయి.

వాళ్ళు పోయిన మర్నాడు షాబాన్ అక్క ఇంటికి వెళ్ళేసరికి, ఆమె ఖాళీ బస్తాను దులుపుతోంది.

"ఆరుగురు రా! ఆరుగురు! ఒక్కొక్కడు ఒక్కొక్క దున్నలా తిన్నారు. మళ్ళీ వేసవిలో ఆడవాళ్ళను కూడా తీసుకొస్తారట. పెళ్ళి సంబంధాలు చూస్తారట. ఎవరు రమ్మన్నారు వీళ్ళని?"

"వద్దని చెప్పమంటావా? బండ మీదికెళ్ళి ఫోను చేస్తాను."

"నీకు బుద్ధుందా? ఇంటికొస్తామన్నవాళ్ళను వద్దంటారా ఎవరైనా?" అని బస్తా అతని చేతిలో పెట్టింది. "పో. మిల్లు మూసేలోగా గింజలు పోసుకెళ్ళి పిండి పట్టించుకు రా."